తొమ్మిది నెలల పాపతో క్రూజ్‌కి వెళ్ళొచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. డిసెంబర్ చివర్లో గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల క్రూజ్‌కి వెళ్దామని మావారు పట్టుబడుతున్నారు. దారిలో కోజుమెల్, కోస్టా మాయా, రొయాటాన్‌లో ఆగుతుందట. అప్పటికి పాపకి తొమ్మిది నెలలు నిండుతాయి. నా పాలు తాగుతుంది, ఉగ్గు, రాగి జావ కూడా తింటుంది. విజిటర్ వీసా మీద వచ్చిన మా అత్తగారిని కూడా తీసుకెళ్ళాలని ఉంది. ఆవిడేమో "పసిపిల్లని పట్టుకుని సముద్రం మీదకి ఏంటర్రా" అని రోజూ అంటున్నారు. నాకూ లోపల టెన్షన్‌గానే ఉంది. పాప ఇక్కడే పుట్టింది. మావారు హెచ్-1బీ, నేను హెచ్-4. వెళ్ళొచ్చా? వెళ్తే ఏమేం చూసుకోవాలి?
— ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

సమాధానం:

వెళ్ళొచ్చమ్మా. పాప వయసు అడ్డం కాదు. చాలా క్రూజ్ కంపెనీలు ఓడ ఎక్కే రోజుకి ఆరు నెలలు నిండితే చాలంటాయి. అట్లాంటిక్ దాటేవి, హవాయి వెళ్ళేవి లాంటి పొడవాటి ప్రయాణాలకే ఏడాది నిండాలని అడుగుతాయి. మీరు వెళ్ళే రూట్‌కి ఆ ఇబ్బంది లేదు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది పాప సంగతి కాదు. మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మీవారి ఉద్యోగ వీసా హెచ్-1బీ, దాని మీద మీకొచ్చిన హెచ్-4. ముందు మీ ఇద్దరి పాస్‌పోర్టుల్లో వీసా స్టాంపు ఏ తేదీ వరకు ఉందో చూడండి. ఐ-797 కాగితం (హెచ్-1బీ, హెచ్-4 మంజూరైనట్టు వచ్చేది) మీద తేదీ కాదు, పాస్‌పోర్టులో అంటించిన వీసా మీద తేదీ. అది ప్రయాణం పూర్తయ్యేదాకా చెల్లుతుంటే సగం బెంగ తీరినట్టే. చాలామంది మనవాళ్ళకి స్టాంపు ఎప్పుడో అయిపోయి ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ మీద ఇక్కడే పని చేసుకుంటూ ఉంటారు. వాళ్ళకే అసలు చిక్కు. గాల్వెస్టన్‌లో ఎక్కి గాల్వెస్టన్‌లోనే దిగుతున్నాం కదా, దేశం దాటినట్టు ఎలా అవుతుందనుకుంటారు. అవుతుంది. ఓడ కోజుమెల్‌లో ఆగిందంటే మీరు మెక్సికో వెళ్ళొచ్చినట్టే.

స్టాంపు అయిపోయినా వెనక్కి రానిచ్చే వెసులుబాటు ఒకటుంది, ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. హెచ్ వీసాల వాళ్ళకి అది కెనడా, మెక్సికోలకి 30 రోజుల లోపు వెళ్ళొస్తేనే వర్తిస్తుంది. కరీబియన్ దీవులకి కూడా వర్తించేది ఎఫ్, జె వీసాల విద్యార్థులకి, వాళ్ళ కుటుంబాలకి. "మా ఫ్రెండ్ బహామాస్ వెళ్ళొచ్చాడు, ఏమీ కాలేదు" అని ఎవరైనా చెబితే, ఆ ఫ్రెండ్ ఏ వీసాలో ఉన్నాడో ముందు అడగండి. మీ ఓడ రొయాటాన్‌లో కూడా ఆగుతుంది, అది హోండురాస్. అంటే స్టాంపు అయిపోయి ఉంటే మీకీ వెసులుబాటు పనికిరాదు. పోనీ మెక్సికోలో మాత్రమే ఆగే ఓడ చూసుకుందామన్నా, భారత పాస్‌పోర్టుకి మెక్సికో వీసా అడగొచ్చు. చెల్లే అమెరికా వీసా ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది, మీకు స్టాంపు లేకపోతే అది దొరకదు. కాబట్టి స్టాంపు లేకపోతే ఈ ట్రిప్ వాయిదా వేయమనే నా సలహా. ఆఫీసు లాయర్‌ని అడక్కుండా మాత్రం డబ్బు కట్టొద్దు. స్టాంపు ఉన్నా సరే, ఆగే ప్రతి దేశానికీ భారత పాస్‌పోర్టుకి ఏం కావాలో క్రూజ్ కంపెనీ నుంచి ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో చెప్పిన మాట చెక్-ఇన్ కౌంటర్ దగ్గర చెల్లదు.

అత్తగారి వీసా, ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) రెండూ తిరిగొచ్చే రోజు దాటి ఉండాలి. క్రూజ్‌కి వెళ్ళొస్తే ఆవిడకి మళ్ళీ ఆరు నెలలు కొత్తగా వస్తాయన్న లెక్కలు కొందరు చెబుతారు. ఆ ఆశ పెట్టుకోకండి.

ఇక పాప. ఎక్కిన రేవులోనే దిగే క్రూజ్ కాబట్టి, అమెరికా పౌరురాలైన పాపకి బర్త్ సర్టిఫికెట్ చాలని కంపెనీ వాళ్ళే చెబుతారు. నిజమే, కానీ పాస్‌పోర్ట్ చేయించండి. దారిలో ఎవరికైనా ఒంట్లో బాగోక కోజుమెల్‌లో దిగి విమానంలో రావాల్సి వస్తే బర్త్ సర్టిఫికెట్‌తో విమానం ఎక్కనివ్వరు. పిల్లల పాస్‌పోర్ట్‌కి తల్లిదండ్రులిద్దరూ పాపని తీసుకుని వెళ్ళాలి. అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, ఇప్పుడే మొదలుపెట్టండి.

పాప పేరు బుకింగ్‌లో ఇప్పుడే చేర్చండి. చంటిపిల్లే కదా, తర్వాత చెబుదాంలే అనుకోవద్దు. ఓడలో లైఫ్ బోట్లలో సీట్ల లెక్క ఉంటుంది, నెలల పిల్లయినా ఒక మనిషి కిందే లెక్క. ఇద్దరికే అనుమతి ఉన్న క్యాబిన్‌లో మూడో మనిషిగా పాపని ఎక్కించరు. విమానంలోలా ఒడిలో కూర్చోబెట్టుకుంటే టికెట్ తక్కువ అన్నది కూడా ఇక్కడ లేదు. పాపకీ ఛార్జీ, రేవు పన్నులు ఉంటాయి.

క్యాబిన్ విషయంలో కొంచెం ఆలోచించండి. ముగ్గురు పెద్దవాళ్ళు, పాప కలిసి ఒకే క్యాబిన్ తీసుకుంటే చవక, ఎందుకంటే మూడో మనిషికి, నాలుగో మనిషికి రేటు తక్కువ ఉంటుంది. కానీ మామూలు క్యాబిన్ మన ఇళ్ళలో ఒక చిన్న బెడ్‌రూమ్ అంత కూడా ఉండదు. నాలుగో పడక చాలాసార్లు పైనుంచి దించేది, నిచ్చెన ఎక్కాలి. దానికి తోడు పాప తొట్టి వేస్తే నడవడానికి చోటుండదు. డబ్బు సర్దుబాటు అయితే రెండు క్యాబిన్లు తీసుకోండి, ఎదురెదురుగానో పక్కపక్కనో. అప్పుడు ప్రతి క్యాబిన్‌కీ ఇద్దరి పూర్తి ఛార్జీ పడుతుంది, పాప రెండో మనిషి కింద లెక్కకి వస్తుంది. ఖర్చు బాగానే పెరుగుతుంది, అయినా అత్తగారు నిద్రపోతారు, మీరూ నిద్రపోతారు. నేనైతే బాల్కనీ మానేసి ఆ డబ్బుతో కిటికీ లేని రెండో క్యాబిన్ తీసుకోమంటాను. పాప అప్పుడే పట్టుకుని నిలబడే వయసు, బాల్కనీ తలుపు దగ్గర ఎప్పుడూ ఒకరు కాపలా ఉండాలి. కిటికీ లేని గదిలో పట్టపగలు కూడా చీకటి, మధ్యాహ్నం నిద్ర హాయిగా పడుతుంది. ఏ క్యాబిన్ అయినా ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో అడగండి. అక్కడ ఊపు తక్కువ. డిసెంబర్‌లో ఉత్తరపు చలిగాలులు దిగినప్పుడు గల్ఫ్ కాస్త అల్లరి చేస్తుంది.

ఊపు అన్నాం కాబట్టి చెబుతాను. రెండేళ్ళ లోపు పిల్లలకి కడుపులో తిప్పడం చాలా అరుదు, అది పెద్దవాళ్ళ బాధే. మీరు వేసుకునే వాంతుల మాత్ర పాపకి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. మీరు పాలిస్తున్నారు కాబట్టి మీ మాత్ర కూడా డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి.

డాక్టర్ దగ్గర అడగాల్సిన పెద్ద విషయం వేరే ఉంది. అమెరికా పద్ధతిలో తట్టు టీకా, అంటే ఎమ్ఎమ్ఆర్, 12 నెలలు నిండాక మొదలవుతుంది. కానీ దేశం దాటి వెళ్ళే 6 నుంచి 11 నెలల పిల్లలకి ముందే ఒక డోసు వేయించమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ప్రయాణానికి రెండు వారాల ముందైనా పడాలి. ఏడాది దాటాక వేసే రెండు డోసులూ మామూలుగానే ఉంటాయి, ఇది వాటిలో లెక్కకి రాదు. అత్తగారికి ఇదేమీ వింతగా అనిపించదు. ఇండియాలో తొమ్మిదో నెల నిండగానే తట్టు టీకా వేస్తారు. అదే అపాయింట్‌మెంట్‌లో పాప బరువుకి జ్వరం మందు టైలనాల్ ఎన్ని మిల్లీలీటర్లో రాయించుకోండి. థర్మామీటర్, పీడియాలైట్ (ఓఆర్ఎస్ లాంటి ద్రవం), పిరుదులు ఒరుసుకుంటే రాసే క్రీమ్ వెంట ఉండాలి. ఓడలో డాక్టర్ ఉంటారు, పిల్లల డాక్టర్ అని అనుకోకండి. అక్కడి బిల్లు మీ క్యాబిన్ ఖాతాకి వస్తుంది. మీ ఆఫీసు ఇన్సూరెన్స్ అక్కడ పనిచేస్తుందో లేదో అడగండి. అత్తగారి విజిటర్ ఇన్సూరెన్స్‌లో క్రూజ్ మినహాయింపు ఉందేమో చూడండి. అత్యవసరంగా ఒడ్డుకి తరలించే ఖర్చు కూడా కలిపిన ట్రావెల్ ఇన్సూరెన్స్ నలుగురికీ తీసుకోవడం మంచిది.

ఇప్పుడు తిండి. ఇక్కడే మన ఇళ్ళలో గొడవ మొదలవుతుంది. ఇంట్లో వేయించి పట్టించిన ఉగ్గు పొడి, రాగి పిండి అత్తగారు డబ్బాల్లో సర్దుతారు. చాలా కంపెనీలు ఇంట్లో చేసిన ఆహారం ఓడ ఎక్కనివ్వవు. సీలు తీయని బేబీ ఫుడ్‌ని, ఫార్ములాని అనుమతిస్తాయి. తిరిగొచ్చేటప్పుడు అమెరికా కస్టమ్స్ వాళ్ళు కూడా బియ్యం, పప్పు గింజలంటే అనుమానంగా చూస్తారు. కాబట్టి కొట్లో దొరికే సీలు వేసిన రాగి సిరియల్, ఓట్స్ సిరియల్ ఒకటి ఎంచుకుని ఇప్పటినుంచే పాపకి అలవాటు చేయండి. ఓడ ఎక్కాక కొత్త రుచి మొదలుపెడితే మొహం తిప్పేస్తుంది.

వేడి నీళ్ళ సంగతి చాలామంది మర్చిపోతారు. ఎలక్ట్రిక్ కెటిల్, చిన్న రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె లాంటివి సామాను స్కానింగ్‌లోనే తీసి పక్కన పెడతారు. వేడెక్కే వస్తువులంటే ఓడలో నిప్పు భయం. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా చాలా ఓడల్లో నిషేధం. మంచి ఫ్లాస్కు ఒకటి ఖాళీగా తీసుకెళ్ళండి. బఫే దగ్గర టీ కోసం పెట్టే వేడి నీళ్ళు పొద్దున, రాత్రి నింపుకుంటే సిరియల్‌కీ స్పూన్లు కడగడానికీ సరిపోతుంది. సీసాలు వేడిచేసే పరికరం కావాలంటే కొన్ని కంపెనీలు అడిగితే ఇస్తాయి, ముందే ఫోన్ చేయండి.

ఓడలో వంట మరీ భయపడేంత లేదు. పెద్ద డైనింగ్ హాల్లో మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి, "పాపకి ఉప్పు కారం లేని మెత్తటి అన్నం, ఉడికించిన పప్పు, పెరుగు, ఉడికించిన క్యారెట్ రోజూ కావాలి" అని చెప్పండి. చాలా ఓడల వంటింట్లో, హాల్లో మనదేశం వాళ్ళు పనిచేస్తుంటారు. చెబితే అర్థం చేసుకుంటారు, మర్నాటినుంచి మీరు అడగక్కర్లేకుండానే తెస్తారు. అత్తగారికి ఇండియన్ వెజిటేరియన్ అని బుకింగ్‌లోనే రాయించండి. రాత్రి భోజనానికి తొందరగా ఉండే బ్యాచ్ తీసుకోండి. ఎనిమిదింటి బ్యాచ్‌లో పాప, మీరు ఇద్దరూ ఏడుస్తారు. బఫేలో తేనె కలిపిన తీపి పదార్థాలు చాలా ఉంటాయి. ఏడాది లోపు పిల్లలకి తేనె పనికిరాదు, "నాకించానంతే" అనే మాట అత్తగారి నుంచి రాకుండా ముందే చెప్పి ఉంచండి.

స్నానం ఇంకో సంగతి. మామూలు క్యాబిన్లో టబ్ ఉండదు. నిలబడితే మోచేతులు తగిలేంత షవర్ గది ఉంటుంది. అత్తగారు కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్ళు పోద్దామంటే కుదరదు. గాలి నింపే చిన్న టబ్, ఒక ప్లాస్టిక్ మగ్గు పట్టుకెళ్ళండి. నూనె నలుగు వారం రోజులు మానేసినా నష్టం లేదు. తడి నేల మీద నూనె ఉంటే ఓడ ఊగినప్పుడు పట్టుకున్నవాళ్ళు జారతారు. తడి తుడుపు కాగితాలు టాయిలెట్లో వేయకండి, ఓడ టాయిలెట్లు గాలితో గుంజేవి, వెంటనే మూసుకుపోతాయి. ఆ గుంజే చప్పుడుకి పిల్లలు ఉలిక్కిపడతారు కూడా. మూత వేసి నొక్కండి.

మీవారు ఫోన్లో చూపించిన ఫొటోల్లో పాప నీళ్ళలో కేరింతలు కొడుతున్నట్టు ఊహించుకుని ఉంటే, ఇది వినండి. డైపర్ వేసుకునే పిల్లల్ని ఓడ స్విమ్మింగ్ పూల్లోకి, వేడి నీళ్ళ టబ్‌లోకి దిగనివ్వరు. నీళ్ళలో వేసే స్విమ్ డైపర్ అయినా ఒప్పుకోరు. అమెరికా రేవులకి వచ్చే ఓడలు సీడీసీ పారిశుధ్య నిబంధనల కిందకి వస్తాయి, సిబ్బందిని బతిమాలి లాభం లేదు. కొన్ని ఓడల్లో డైపర్ పిల్లలకి విడిగా నీళ్ళు చిమ్మే చిన్న చోటు ఉంటుంది. మీ ఓడలో ఉందో లేదో పేరు పెట్టి అడగండి. ఆ నీళ్ళ సరదా ముఖ్యమైతే ఓడని ఎంచుకునేటప్పుడే అది చూసుకోవాలి.

నర్సరీ కూడా అంతే. డిస్నీ ఓడల్లో, కొన్ని రాయల్ కరీబియన్ ఓడల్లో ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా పిల్లల్ని గంటకింత అని తీసుకుని చూసే నర్సరీలు ఉన్నాయి. కార్నివాల్‌లో పిల్లల క్లబ్ రెండేళ్ళ నుంచే, చంటిపిల్లల్ని కొన్ని వేళల్లో మాత్రం డబ్బు తీసుకుని చూస్తారు. సెలవుల వారంలో చోటు తొందరగా అయిపోతుంది, ఎక్కగానే ముందు ఆ పని చేయండి. అత్తగారు ఉన్నారు కదా అనొచ్చు. ఆవిడనీ సెలవుకే కదా తీసుకెళ్తున్నారు! రోజంతా పాపని ఆవిడ చేతిలో పెట్టి మీరిద్దరూ షోలకి వెళ్తే, ఆవిడ ఇప్పుడు అంటున్న మాట తిరిగొచ్చాక ఇంకా గట్టిగా అంటారు. పాప నిద్రపోయింది కదా అని గదిలో ఒంటరిగా వదిలి, వైఫై మానిటర్ నమ్ముకుని పై అంతస్తుకి వెళ్ళడం మాత్రం వద్దు. ఉక్కు గోడల మధ్య ఆ సిగ్నల్ నిలవదు, నిలిచినా వద్దు.

ఎక్కే రోజు పెద్ద సూట్‌కేసులు రేవులోనే తీసుకుంటారు. అవి క్యాబిన్‌కి వచ్చేసరికి సాయంత్రం కావొచ్చు. పాప మందులు, డైపర్లు, రెండు జతల బట్టలు, తిండి, కాగితాలు చేతి సంచిలో ఉండాలి. తొట్టి ముందే అడిగి ఉంచండి, తొట్టి పరుపుకి బిగుతుగా పట్టే పలుచటి షీటు ఒకటి ఇంటి నుంచి తెచ్చి పరిస్తే ఆ వాసనకి పాప తొందరగా నిద్రపోతుంది. గట్టిగా, బిగుతుగా పరవండి, వదులు దుప్పట్లు తొట్టిలో ఉండకూడదు. గది సర్దే అతన్ని పాప సైజు లైఫ్ జాకెట్ అడిగి తెప్పించుకోండి. గదిలో ఉన్నా సాధారణంగా పెద్దవాళ్ళవే ఉంటాయి, చంటిపిల్లలది అడిగితేనే తెస్తారు. స్ట్రోలర్ మడత పడే సన్నటిదే తీసుకెళ్ళండి, పెద్దది క్యాబిన్ తలుపులో పట్టదు, వరండాలో పెట్టనివ్వరు.

ఓడలో పిల్లలకి నిజంగా వచ్చే జబ్బు విరేచనాలు, వాంతులు. నోరోవైరస్ శానిటైజర్‌కి సరిగా లొంగదు, సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. తొమ్మిది నెలల పిల్ల దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి హై చైర్ పళ్ళెం, లిఫ్ట్ బటన్లు నొక్కిన చేతులు ఎప్పటికప్పుడు చూసుకోండి.

ఆగిన ప్రతిచోటా దిగాలని లేదు. మూడు చోట్లలో ఒకటి వదిలేయండి. అందరూ దిగిపోయిన రోజు ఓడ ఖాళీగా ఉంటుంది, అత్తగారికి కూడా అదే నచ్చుతుంది. దిగిన చోట టాక్సీలో కార్ సీట్ ఉండదు, కాబట్టి రేవు దగ్గరలో నడిచి చూసేవే చూడండి. శిథిలాల టూర్లు ఈసారికి మీవారిని ఒక్కరినే వెళ్ళనివ్వండి. డిసెంబర్ అయినా అక్కడ ఎండ ఎండే. నీడ, టోపీ, పూర్తి చేతుల చొక్కా ముందు, ఆ తర్వాత సన్‌స్క్రీన్. దోమలకి స్ట్రోలర్ మీద తెర వేయండి. లెమన్ యూకలిప్టస్ ఆయిల్ ఉన్న దోమల మందు మూడేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదు.

డైపర్లు మాత్రం లెక్క కంటే ఎక్కువ తీసుకెళ్ళండి. ఓడ కొట్లో మీ సైజు ఉంటుందన్న నమ్మకం లేదు, ఉన్నా ధర చూస్తే గుండె ఆగుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. చలికాలంలో గాల్వెస్టన్ రేవు పొగమంచుకి మూసుకుపోతుంది, ఓడలు బయటే గంటల తరబడి ఆగిపోతాయి, ఒక్కోసారి మర్నాటికి గానీ లోపలికి రావు. రోజున్నరకి సరిపడా డైపర్లు, పాప తిండి, అత్తగారి బీపీ మాత్రలు అదనంగా ఉంచండి. రేవులో దిగాక మళ్ళీ ఫ్రిస్కోకి ఐదు గంటల డ్రైవ్, పాలకి, డైపర్లకి మధ్యలో రెండు మూడుసార్లు ఆగాలి. మర్నాడు పొద్దున మీటింగులేమీ పెట్టుకోవద్దని మీవారికి ఇప్పుడే చెప్పేయండి.